పదవి ముందా, నమ్మకము ముందా?

ఉద్యోగములలో స్త్రీలు పైమెట్టునకు చేరుటను గూర్చి మన సభలలోను పత్రికలలోను ఎంత చర్చ జరిగినను, అది తుదకొక హితవాక్యము వద్దకు వచ్చి నిలిచిపోవుట అలవాటైనది. ముందు నమ్మకము సంపాదించుకొనుడు, పదవి దానంతట అదియే వెదకికొని వచ్చును అని పెద్దలు చెప్పుదురు. వినుటకిది న్యాయముగానే యున్నది. అయినను, మన దేశమున అధికారపదవులు చేపట్టిన స్త్రీల వృత్తాంతములను, ఆ పదవులకై వారు నడిపిన వ్యాజ్యములను, ఇటీవల ఆర్థికశాస్త్రజ్ఞులు పల్లెలలో జరిపిన పరిశోధనలను కలిపి చదివినవారికి ఈ వరుస తలక్రిందులుగా కనబడక మానదు. పురుషుని విషయమున పదవి ముందు వచ్చి, దానిని నిర్వహించుటలో నమ్మకము వెనుకనుండి వచ్చినది. స్త్రీని మాత్రము నమ్మకమును ముందే తెచ్చి చూపుమని అడిగిరి. అది పుట్టు చోటులకు మాత్రము ఆమెను పోనీయలేదు. ఆ చోటులెవ్వియో, అక్కడ ఏమి జరిగినదో చూచుటయే ఈ వ్యాసోద్దేశము.

'ఆడపెత్తనము తంబళి దొరతనము' అని మనకొక సామెత కలదు. ఆడువారిని, ఒక కులమువారిని ఒక్క ఊపున తీసిపారవేసిన ఘనత దానిది. ఆ సామెత చెప్పుకొను నేలమీదనే పదుమూడవ శతాబ్దమున కాకతీయ గణపతిదేవుడు తన కుమార్తె రుద్రమకు రాజ్యమప్పగింపదలచినప్పుడు చేసిన పని గమనింపదగినది. ఆయన తాను పోయిన పిమ్మట సింహాసనము ఎక్కుమని చెప్పి ఊరకుండలేదు. తాను జీవించియుండగనే కొంతకాలము ఆమెను సహపాలకురాలిగా నిలిపి, రాచకార్యములు ఆమె చేతిమీదుగా జరుగునట్లు చేసెను. శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజు. పురుషవేషమున కొలువుతీరెనని ప్రతీతి. అంత ముందుచూపుతో ఏర్పాటు చేసినను సామంతులు, దాయాదులు తిరుగబడకపోలేదు. కాని వారిని అణచుటకు వలసిన సేనాబలముతోపాటు, ఆ సేనను నడుపు అలవాటును కూడ తండ్రి ఆమెకు ముందే కూర్చియుండెను. వేషము సంగతి మనము కథలుగా చెప్పుకొందుము. సహపాలనము సంగతి చరిత్ర పుస్తకములలో ఒక పంక్తితో సరిపుచ్చుదుము. నా దృష్టిలో రెండవదియే పెద్ద సంగతి.

ఇట్టిదే మరియొక కథ మన బాలబాలికలందరికిని తెలిసినది. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ సందర్భమున ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద వాలంటీరుగా నిలిచిన పదునాలుగేండ్ల దుర్గాబాయి, టిక్కెట్టు లేని కారణమున జవహర్లాల్ నెహ్రూను లోనికి పోనీయలేదు. నిర్వాహకులు కంగారుపడి ఆమెను కోపగించుకొనగా, నెహ్రూ ఆమెను మెచ్చుకొనెను. ఆ మెప్పును మనము నూరేండ్లుగా చెప్పుకొనుచునే యున్నాము. ద్వారము కాయు పనిని ఒక బాలికకు అప్పగించినవారిని గూర్చి మాత్రము ఒక్కమాటయు చెప్పుకొనము. వారు ఆమెను పూర్వము పరీక్షించి, ధైర్యము రుజువైన తరువాత నిలిపినారా? పని ఉన్నది, పిల్ల చురుకైనది, నిలువుమనిరి, అంతే. ఆమె తరువాత ఉప్పుసత్యాగ్రహమున జైలుకు పోయి, న్యాయశాస్త్రము చదివి, ఆంధ్ర మహిళాసభను నిలబెట్టి, రాజ్యాంగసభలో అధ్యక్షస్థానమున కూర్చుండుటకు ఏర్పరచిన సభ్యుల జాబితాలో ఏకైక మహిళగా నుండి, ప్రణాళికాసంఘ సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు తొలి అధ్యక్షురాలయ్యెను. ఇన్ని మెట్లకును మొదటి మెట్టు ఆ ప్రదర్శనశాల గుమ్మము.

స్వాతంత్ర్యమునకు కొంచెము ముందు చెన్నపట్టణమున జరిగిన సంగతి ఇంకొకటి కలదు. అయ్యలసోమయాజుల లలిత అను తెలుగు మహిళకు పదునెనిమిదేండ్లకే భర్త పోయి, చంటిబిడ్డ చేతికి మిగిలినది. ఆమె గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రము చదివి 1943లో పట్టము పొందెను. ఆమెతోపాటు సివిలు శాఖలో ఇద్దరు మలయాళ యువతులు కూడ పట్టభద్రులైరి. లలిత తండ్రి పప్పు సుబ్బారావు ఆ కళాశాలలోనే ఆచార్యుడగుటచేత ఆ తలుపు తెరచుకొన్నదనుట దాచవలసిన పని లేదు. తొలితరము స్త్రీలలో పలువురికి నమ్మకము ఈ విధముగా ఒక పురుషుని పూచీమీద అప్పుగా దొరికినది. లలిత ఆ అప్పు తీర్చుకొన్న తీరు భాక్రానంగల్ విద్యుత్తు పంపిణీకి ఆమె గీసిన సబ్‌స్టేషన్ల నమూనాలలో కలదు. ఆమె సహాధ్యాయిని పి. కె. త్రేసియా కేరళ ప్రజాపనుల శాఖలో మెట్టుమెట్టుగా ఎక్కి 1971లో చీఫ్ ఇంజనీరయ్యెను.

స్వతంత్రభారతమున ఆ పూచీ అవసరము పోవలసినది. రాజ్యాంగము సమానావకాశమును హామీగా రాసియిచ్చినది, పరీక్షలు అందరికిని ఒకటే. అయినను 1951లో ఐ.ఏ.ఎస్.కు ఎంపికైన తొలి మహిళ అన్నా రాజం జార్జి అనుభవమును చూడుడు. ఇంటర్వ్యూ చేసిన బోర్డువారు, ఆడువారికి విదేశాంగ శాఖయో, కేంద్రమునందలి ఇతర సర్వీసులో అనువుగా నుండునని నచ్చజెప్పజూచిరి. ఆమె వినలేదు. నియామకపు ఉత్తరువులో, వివాహమాడినచో ఉద్యోగము ముగియునని షరతు చేర్చిరి. మద్రాసు రాష్ట్రమునకు వచ్చిన తరువాత ముఖ్యమంత్రి రాజగోపాలాచారి ఆమెను జిల్లాకు పంపుటకు సంకోచించి, సచివాలయమున ఒక కొలువు ఇచ్చెదమనెను. దయతో చెప్పిన మాటయే అది. శాంతిభద్రతలు, అల్లర్లు, గుఱ్ఱపుస్వారీ, అడవిగ్రామముల మకాములు ఒక యువతికెందుకని ఆయన తలచియుండును. ఆమె మాత్రము, గుఱ్ఱపుస్వారీ, తుపాకి పేల్చుట, మేజిస్ట్రేటు విధులు తన తోటి పురుషులు నేర్చినట్లే తానును నేర్చితిననియు, ఒక అవకాశమిచ్చి చూడుడనియు వాదించి హోసూరునకు సబ్ కలెక్టరుగా పోయెను.

ఆ సంకోచము వెనుక నున్న లెక్కను కొంచెము విప్పి చూడవలెను. సబ్ కలెక్టరు పదవి కొత్త అధికారికి పాలనలో అక్షరాభ్యాసము వంటిది. సరిహద్దు తగాదాలో ఇరువర్గముల నడుమ నిలుచుట, జమాబందీలో కరణముల లెక్కలు పట్టుకొనుట, ఊరేగింపునకు అనుమతి ఇచ్చుటయో మానుటయో తన సంతకముతో తేల్చుట అనునవి అక్కడనే అబ్బును. అవి చేసినవానినే తరువాత కలెక్టరును చేయుదురు. కలెక్టరుగా పేరు తెచ్చుకొన్నవానినే కార్యదర్శి పదవులకు పిలుతురు. మొదటనే సచివాలయపు ఫైళ్ల మధ్య కూర్చుండబెట్టినచో ఇరువదియేండ్ల తరువాత, ఆమెకు క్షేత్రానుభవము లేదు అని అదే ప్రభుత్వము రాయును. రాసిన ముక్క అబద్ధము కాదు కూడ. హోసూరులో (అక్కడ మన భాష మాట్లాడువారెందరో కలరు) ఏనుగుల మంద ఊరిమీద పడినప్పుడు అన్నా రాజం వానిని కాల్పింపక అడవికి మరలించినదని, గ్రామములకు పోయినప్పుడు ఒక ముసలమ్మ ఆమె చుట్టును తిరిగి చూచి, ఈమె కూడ మనవలెనే యున్నదే అనినదని చెప్పుదురు. ఆ అన్నా రాజం జార్జియే (పెండ్లి తరువాతి పేరు మల్హోత్రా) తరువాత ముంబయి సమీపమున నావా షేవా రేవు నిర్మాణమునకు నాయకత్వము వహించెను. ఆ రేవు ఒప్పందములపై సంతకము చేసిన చేయి హోసూరు తాలూకా కాగితములమీద సాధన చేసినదేనని మరువరాదు.

పెండ్లి షరతు ఐ.ఏ.ఎస్.కు మాత్రమే పరిమితము కాదు. 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన సి. బి. ముత్తమ్మ, వివాహమాడినచో రాజీనామా చేసెదనని రాసియిచ్చి చేరవలసివచ్చెను. ఆ సర్వీసు నియమములలో ఒకటి, స్త్రీ వివాహమునకు ముందు ప్రభుత్వపు వ్రాతపూర్వకానుమతి పొందవలెననియు, ఆమె కుటుంబభారము విధినిర్వహణకు అడ్డువచ్చునని ప్రభుత్వము తలచినచో రాజీనామా కోరవచ్చుననియు చెప్పుచుండెను. హంగరీలో రాయబారిగా పనిచేసిన తరువాత కూడ ఉన్నతశ్రేణికి తనను యోగ్యత పేరిట ప్రక్కకు నెట్టగా, ఆమె సుప్రీంకోర్టునకు పోయెను. వ్యాజ్యము నడుచుచుండగనే ప్రభుత్వము ఆమెకు ప్రమోషను ఇచ్చి గండము గడుపుకొనజూచినది. 1979లో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ ఆ కారణమున పిటిషనును ముగించినను, కుటుంబభారము విధికి అడ్డువచ్చుననుట నిజమైనచో అది పురుషునికి మాత్రము రాదా అని నిలదీసి, ఇట్టి నియమములన్నిటిని సంస్కరింపుమని ప్రభుత్వమును హెచ్చరించెను. రెండేండ్లకు ఎయిరిండియా విమానపరిచారికల వ్యాజ్యమున అదే న్యాయస్థానము, తొలిచూలుతోనే ఉద్యోగమునుండి తొలగించు నియమమును కొట్టివేసినది గాని, చేరిన నాలుగేండ్లలోపల వివాహము కూడదను నియమమును నిలిపినది. న్యాయమూర్తులకును నమ్మకము దశలవారీగానే కలుగును గాబోలు.

నియమము కంటికి కనబడు శత్రువు, కొట్టివేసినచో పోవును. దాని తరువాత మిగులునది కాగితములలో దాగియుండును. దానిని పట్టి చూపిన ఘనత సైన్యపు మహిళాధికారుల వ్యాజ్యములకు దక్కును. 1992 నుండి సైన్యము స్త్రీలను వైద్యశాఖలలోనే గాక ఇతర శాఖలలో కూడ షార్టు సర్వీసు కమిషనుమీద తీసికొనుచున్నది. ఐదేండ్లన్నది పదియై, పది పదునాలుగై, ఆ తరువాత పెన్షను లేక ఇంటిదారి పట్టవలసివచ్చెడిది. పర్మనెంటు కమిషను 2008లో న్యాయ, విద్యా విభాగములకు మాత్రము లభించినది. 2010లో ఢిల్లీ హైకోర్టు మిగిలినవారి పక్షమున తీర్పు చెప్పినను, ప్రభుత్వము అప్పీలుకు పోయి పదేండ్లు గడిపినది. 2019 విధానములో మరికొన్ని శాఖలకు దానిని విస్తరింపజేసిరి గాని, స్టాఫ్ నియామకములు మాత్రమే ఇత్తుము, దళమునకు నాయకత్వమీయము అని గిరి గీసిరి. గ్రామసీమలనుండి వచ్చిన జవానులు స్త్రీ ఆజ్ఞను శిరసావహించుటకు మానసికముగా సిద్ధముగా లేరని ప్రభుత్వపక్షము వాదించినది.

ఈ వాదము విన్నవారెవ్వరికైనను ఒక సందేహము కలుగకపోదు. క్రమశిక్షణకు పేరుపడిన సైన్యమున, ఆజ్ఞ ఇచ్చువారెవరో చూచి పాటించు జవాను ఉండునా? ఉన్నచో అతనికి శిక్షణ నీయవలెనా, లేక అతని అభిరుచి ననుసరించి అధికారిని మార్చవలెనా? 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా వ్యాజ్యమున తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చి, స్త్రీలకు నాయకత్వము మొత్తముగా నిషేధించుట రాజ్యాంగవిరుద్ధమనెను.

అసలు కథ ఆ తరువాతనే మొదలైనది. తీర్పు ననుసరించి మహిళాధికారులను పరిశీలించుటకు బోర్డు కూర్చున్నది, వారి వార్షిక రహస్య నివేదికలు, చేసిన కోర్సులు, ఆరోగ్యస్థితి చూచి మార్కులు వేసినది, పలువురు త్రోసివేయబడిరి. కొలబద్ద అందరికిని ఒక్కటే గదా అని అధికారులు చెప్పిరి. లెఫ్టినెంట్ కర్నల్ నితీశ వ్యాజ్యముగా పేరొందిన రెండవ విచారణలో ఆ కొలబద్దను న్యాయస్థానము చేతిలోనికి తీసికొని పరీక్షించినది. నివేదిక రాసిన పై అధికారి, ఈమెకెట్లును పర్మనెంటు కమిషను లేదు, మంచి మార్కులు భవిష్యత్తు ఉన్న మగ అధికారికి ఉపయోగపడును అని తలచి ఏండ్ల తరబడి ఆమెకు అన్యమనస్కముగా మార్కులు వేసెను. కెరీరు లేనిదానికి కోర్సులెందుకని ఆమెయు వానికి పోలేదు, ఎవరును పొమ్మనలేదు. బోర్డు ఆమె తొలియేండ్ల నివేదికలను మాత్రము చూచి, తరువాతి సాధనలను, పొందిన ప్రశంసలను ప్రక్కన పెట్టెను. పురుషులకు యౌవనమున పెట్టిన ఆరోగ్యపరీక్షను వీరికి నలుబదియేండ్లు పైబడిన తరువాత పెట్టెను. ఎవ్వరును ఎవ్వరిని ద్వేషింపలేదు, ఎవ్వరును ఎక్కడను అబద్ధము రాయలేదు. అయినను ఫలితము అన్యాయమైనది. 2021 మార్చిలో వెలువడిన ఆ తీర్పు దీనిని పరోక్ష వివక్ష యని నిర్ణయించినది. మన దేశమున ఉద్యోగస్త్రీల ప్రశ్నను గూర్చి వెలువడిన వ్రాతలలో నేను చదివినంతమట్టున ఇంత సూక్ష్మమైనది మరియొకటి లేదు. నమ్మకమనునది మనస్సులో పుట్టు భావమని మనమనుకొందుము. ఉద్యోగమున అది ఏటేట నిండు ఒక ఫారములోని గడి. ఆ గడిని శ్రద్ధగా నింపనిచో ఆమె ఎంత పనిచేసినను నమ్మదగినదని చెప్పుటకు ఋజువుండదు. 2023లో నూరుమందికి పైగా మహిళలు కర్నల్ హోదాకు ఎంపికై దళనాయకత్వమునకు పోయిరి. జవానులు తిరుగబడిన వార్త యేదియు నేను వినలేదు.

ప్రైవేటు సంస్థలలో ఈ గడికి మరియొక పేరు కలదు. ఉత్తర అమెరికాలో ఒక పెద్ద చిల్లరవర్తక సంస్థ రికార్డులను పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు, చేసిన పనికి ఇచ్చు మార్కులలో స్త్రీలు పురుషులను మించుచుండగా, ఇక ముందు ఎంత ఎదుగగలరను అంచనాకు ఇచ్చు మార్కులలో వెనుకబడుచున్నారని కనుగొనిరి. ప్రమోషను చాలవరకు రెండవ మార్కునుబట్టి వచ్చును. తక్కువ మార్కు పడిన స్త్రీలే తరువాతి సంవత్సరములలో అదే మార్కు పడిన పురుషులకంటె బాగుగా పనిచేసిరి. అయినను మరుసటి అంచనాలో మరల తక్కువ మార్కే పడినది. మన దేశమున 2013 కంపెనీల చట్టము పెద్ద కంపెనీల డైరెక్టర్లలో ఒక స్త్రీయైన ఉండవలెనన్నప్పుడు, చాలచోట్ల యజమాని భార్యయో కుమార్తెయో ఆ కుర్చీనెక్కెను. స్వతంత్ర డైరెక్టరే కావలెనని సెబీ మరల నియమము చేసి 2019 నుండి అమలుపరచవలసివచ్చినది. న్యాయస్థానముల సంగతియు ఇట్టిదే. 1950లో ఏర్పడిన సుప్రీంకోర్టునకు తొలి మహిళా న్యాయమూర్తిగా ఫాతిమా బీవీ 1989లో గాని రాలేదు. సీనియారిటీ ఆచారము ప్రకారము 2027లో జస్టిస్ నాగరత్న ప్రధాన న్యాయమూర్తి అయినచో, ఆ పదవిలో ఆమెకు దొరకు కాలము నెలకు కొంచెము ఎక్కువ. క్రింది మెట్టున ఆలస్యమైనది పై మెట్టున ఎట్లు కనబడునో దీనికంటె స్పష్టముగా చూపు లెక్క లేదు.

ఇంతవరకు చెప్పినది చదువుకొన్న కొద్దిమంది కథ. పల్లెలకు వచ్చినచో ప్రశ్న విశాలమగును. 1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవవంతు స్థానములను, అధ్యక్షపదవులను స్త్రీలకు కేటాయించినది. మన రాష్ట్రములలో తరువాత అది సగమైనది. అనగా, నమ్మకము ఋజువైన తరువాత పదవి అను వరుసను రాజ్యాంగమే తిరుగవేసి, పదవి ముందు ఇచ్చి చూచినది. ఫలితమేమి? పత్రికలలో మనము చదువునది సర్పంచి భర్తను గూర్చి. పంచాయతీ కార్యాలయమున కుర్చీలో ఆయన కూర్చుండును. కార్యదర్శి చెక్కుపుస్తకము ఇంటికి పట్టుకొనిపోయి ఆమెచేత సంతకము చేయించుకొని వచ్చును. వచ్చినవారు ఆయనకే నమస్కారము పెట్టుదురు. ఈ దృశ్యము సత్యము. దీనిని కాదనువాడు పల్లె మొగము చూడనివాడు. కాని ఇదియే సత్యమంతయు కాదు.

పశ్చిమబెంగాలు బీర్భూం జిల్లాలో ఏ పంచాయతీ స్త్రీకి పోవునో చట్టమే వంతులవారీగా నిర్ణయించుటచేత, స్త్రీ పాలించిన ఊళ్లను, ఎన్నడును పాలింపని ఊళ్లను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుటకు పరిశోధకులకు వీలైనది. ఎస్తేర్ దుఫ్లో, రాఘవేంద్ర చటోపాధ్యాయ, రోహిణీ పాండే ప్రభృతులు ఆ పని చేసిరి. గ్రామనాయకుడు గ్రామస్థుల ఫిర్యాదునకు సమాధానము చెప్పు ప్రసంగమునొకదానిని, మాట పొల్లుపోకుండ, పురుషుని గొంతుతో ఒకసారి, స్త్రీ గొంతుతో ఒకసారి రికార్డు చేసి కొందరికొకటి, కొందరికొకటి వినిపించిరి. స్త్రీ పాలన ఎరుగని ఊళ్లలోని పురుషులు అదే ప్రసంగమును స్త్రీ గొంతున విన్నప్పుడు ఆ నాయకురాలికి తక్కువ మార్కులు వేసిరి. స్త్రీ ప్రధాన్‌ను (పంచాయతీ అధ్యక్షురాలిని) చూచిన ఊళ్లలో ఆ తేడా చాలవరకు మాసిపోయినది. నిజమైన నాయకురాండ్ర విషయమున కూడ అంతే: మొదటిసారి వచ్చిన స్త్రీ, పనిలో వెనుకబడకున్నను, తక్కువ మార్కులే తెచ్చుకొన్నది, రెండవసారి మరియొక స్త్రీ వచ్చినప్పుడు ఆ లోటు పోయినది, కేటాయింపు తీరిన స్థానములలో సయితము స్త్రీలు పోటీచేసి గెలుచుట పెరిగినది. అనగా మొదటి ఆమె చేసిన పనికి కూలి రెండవ ఆమెకు ముట్టినది. ఇంకొకమాట కూడ వారు దాచక చెప్పిరి: ఆడది పాలింపగలదను నమ్మకము పెరిగినది గాని, ఆడది పాలించుట మాకిష్టమే అను ప్రీతి మాత్రము పెరుగలేదు. ఇది విని నిరాశపడువారు కలరు. నాకు మాత్రము ఇది శుభవార్తగానే తోచినది. ఇష్టము లేకున్నను నమ్మవచ్చును. మన ఊళ్లలో కరణమును ఎవడు ప్రేమించెను?

మన తెలుగు జిల్లాలలో ఈ ప్రయోగము మరియొక త్రోవను, రాజ్యాంగముతో పని లేకుండ, డబ్బుపెట్టె గుండ జరిగినది. 1990ల ఆరంభమున నెల్లూరు జిల్లా దూబగుంటనుండి లేచిన సారా వ్యతిరేకోద్యమము చల్లారకముందే, సారాకు పోవు రూపాయిని మిగుల్చుకొనుడను పిలుపుతో రోజుకొక రూపాయి పొదుపు సంఘములు మొలిచినవి. డ్వాక్రా సంఘములు అంతకుముందునుండియు కలవు. ఆస్తి లేని, పూచీ లేని ఆడువారికి అప్పేమిటని తొలుత బ్యాంకులవారు వెనుదీసిరి. 1992లో నాబార్డు ఈ సంఘములను బ్యాంకులతో ముడిపెట్టు పథకమును ప్రయోగాత్మకముగా మొదలుపెట్టగా, పొలము తాకట్టు పెట్టిన ఆసామికంటె పదిమంది ఆడువారి మాట గట్టిదని అనుభవముమీద తేలినది. సంఘములు గ్రామసమాఖ్యలై, మండలసమాఖ్యలై, జిల్లాసమాఖ్యలైనవి.

ఈ నమ్మకము ఎంత దూరము పోయినదో చూడదలచినవారు కార్తీకమాసమున తెలంగాణ పల్లెలో ఈ సంఘములు నడుపు ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రమునకు పోవలెను. మైదానము నిండ వడ్లకుప్పలు, వానిపై పరదాలు, ప్రక్కన గోనెసంచుల కట్టలు, కాంటావద్ద హమాలీలు. సంఘము తరఫున కూర్చున్న మహిళ ఒడిలో రిజిస్టరు, చేతిలో తేమ కొలుచు యంత్రము. పదునేడు శాతము మించినచో కొనరాదని నిబంధన.

"బిడ్డా, నిన్న పద్దెనిమిదన్నవు, ఇయ్యాల గూడ పద్దెనిమిదేనా?"

"రాత్రి మంచు కురిసింది గద కాకా. ఈ పూట ఎండకు ఆరబొయ్యి, మాపటికి పదిహేడుకు దిగుతది."

ఆయన గొణుగుకొనుచు పరదా తొలగించును; వాదించడు. తాలు ఎంత, తరుగు ఎంత, లారీ ఎప్పుడు, ట్రక్ షీటులో బస్తాలెన్ని అను ప్రతి మాటకును డబ్బు ముడిపడియున్నచోట, వరుసకు కాక అగునట్టి రైతు ఆమె యంత్రమును కాదనుట లేదు. కోట్ల రూపాయల పంట ఈ చేతుల మీదుగా మిల్లులకు పోవుచున్నది. వీరిలో ఒక్కరిని గూడ ఆ పనికి ముందు ఎవ్వరును, నీవు నమ్మదగినదానవని ఋజువు చేయుమని అడుగలేదు. అడిగియున్నచో ఋజువు చూపగలవారు కొలది. పని ఇచ్చిరి, యంత్రమిచ్చిరి, నిబంధన చెప్పిరి. అయినను ఈ అనుభవమున్న స్త్రీలలో ఎందరు మార్కెట్టు కమిటీలకు, సహకార సంఘముల అధ్యక్షపదవులకు పోయిరని అడిగినచో, వేళ్లమీద లెక్కింపవలసివచ్చును. సంఘమునకు ఇచ్చిన నమ్మకము వ్యక్తికి బదిలీ కాలేదు. స్త్రీలను గుంపుగా నమ్మి, ఒక్కతెగా నమ్మకపోవుట మన పథకములన్నిటను కనబడు గుణము.

ఇక ఇంటివైపు చూడక ఈ సమీక్ష సమగ్రము కాదు. బ్యాంకులలో పనిచేయు క్లర్కులలో, ఆఫీసరు ప్రమోషను తమకు వద్దని తామే రాసియిచ్చు స్త్రీలు కొల్లలు. ప్రమోషనుతోపాటు పరజిల్లాకు బదిలీ వచ్చును. పిల్లవాడు పదవ తరగతిలో నుండును. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. భర్త ఉద్యోగము కదలదు. చూచితిరా, ఆడువారికే ఆశ లేదు, మేమేమి చేయుదుమని మేనేజరు అనును. కాగితముమీద అది ఆమె స్వేచ్ఛానిర్ణయము. అదే ఉత్తరువు భర్తకు వచ్చియున్నచో ఇంటిలో చర్చ జరుగునది ఇల్లు మారుటను గూర్చియే గాని ప్రమోషను మానుటను గూర్చి కాదు. నేనీ విషయమున ఉద్యోగినులను నిందించువారి పక్షమునను లేను, సంస్థలను మాత్రమే నిందించువారి పక్షమునను లేను. ఇంటిలోని పెద్దలు కూడ ఆమె సి.ఆర్. (రహస్య నివేదిక) రాయుచుందురు, ఆ నివేదికకు అప్పీలు లేదు. ప్రసూతి సెలవును 2017లో ఇరువదియారు వారములకు పెంచిన చట్టము మేలైనదే, కాని ఆ ఖర్చంతయు యజమానిపై మోపుటచేత, వివాహిత యువతిని తీసికొనునప్పుడు చిన్న సంస్థలవాడు మనసులో లెక్క వేసికొనుచున్నాడు. తండ్రికి కూడ సెలవు తప్పనిసరి చేసి, ఖర్చును అందరు పంచుకొను ఏర్పాటు చేసినగాని ఆ లెక్క మారదు. కర్మాగారములలో రాత్రివేళ స్త్రీలు పనిచేయరాదన్న 1948 చట్టనియమమును మద్రాసు హైకోర్టు 2000లో కొట్టివేసినది. ఫోర్‌మన్ కావలసినవారు మూడు షిఫ్టులను ఎరిగియుండవలెను గనుక, రక్షణ పేరిట నిలిచిన ఆ నియమము ఎందరి ఫోర్‌మన్ పదవులను మింగినదో లెక్క వేసినవారు లేరు.

కోటాతో వచ్చినవారిని ఎవరు గౌరవింతురను ఆక్షేపణ ఒకటి మిగిలియున్నది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సర్వీసు నిబంధనలకు 22-ఏ అను నియమమును చేర్చి, ప్రత్యక్ష నియామకములలో నూటికి ముప్పది స్త్రీలకు కేటాయించినప్పుడు ఈ ఆక్షేపణ గట్టిగానే వినవచ్చినది. 1995లో సుప్రీంకోర్టు ఆ నియమమును సమర్థించినది. నేడు తహసీలు కార్యాలయములోనో, ఖజానాలోనో బల్లకావల కూర్చున్న అధికారిణి ఏ నియమముక్రింద వచ్చినదో అడుగు పౌరుడు లేడు. ఆయనకు కావలసినది తన పాసుపుస్తకము. ఆక్షేపణ చేయువారు తరచుగా ఆమెతో పని లేనివారే.

2023లో పార్లమెంటు ఆమోదించిన 106వ సవరణ ఈ ప్రయోగమును శాసనసభలకు, లోక్‌సభకు విస్తరింపజేయును. జనగణనయు, నియోజకవర్గముల పునర్విభజనయు జరిగిన తరువాత మూడవవంతు స్థానములు స్త్రీలవగును. ప్రతి పునర్విభజన తరువాతను ఆ స్థానములు మారుచుండును. చట్టము తొలి ఎన్నికలో ఎందరు స్త్రీలను సభకు పంపునన్నది అంకగణితము. అందులో తెలిసికొనవలసినది లేదు. చూడవలసినది, ఒక నియోజకవర్గము కేటాయింపునుండి విడివడిన ఏట, అక్కడ పనిచేసి పేరు తెచ్చుకొన్న ఆమెకే పార్టీ మరల టిక్కెట్టు ఇచ్చునా, లేక ఆమె భర్త పేరు జాబితాకెక్కునా అన్నది. బీర్భూంలో ఓటరులు తమ వంతు పని చేసిరి. టిక్కెట్టు నిర్ణయించు గదిలో కూర్చుండు పదిమందికి అట్టి అభ్యాసము ఇంకను కలుగలేదు, ఆ గదికి కేటాయింపు వర్తింపదు గనుక.